మబ్బు తాబేలు జాడ

ఆ మంగళవారం ఉదయం పదకొండు లోపే చీటీలక్కయ్య పదిహేడు గొడుగులకు చీటీలు కట్టేసింది. ముందురోజంతా వాన. వాన వెలిసిన మర్నాడు బస్టాండులోని పోయిన వస్తువుల గదికి గొడుగులు కట్టకట్టుకుని వస్తాయి. ఆ పదిహేడింటిలో పన్నెండు నల్లవే. నల్లగొడుగుల్లో ఏది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదని కండక్టర్లు నవ్వుతారు. ఆవిడ మాత్రం పిడి మీద గీతలు, వంగిన పుల్ల, కట్టుకున్న దారం రంగు అన్నీ చూసి, చీటీ మీద రెండు వరుసలు రాస్తుంది. చీటీలక్కయ్య అన్న పేరు డ్రైవర్లు పెట్టింది. ఆవిడకి యాభై నాలుగేళ్లు. అరవై దాటినవాళ్లు కూడా ఆవిడని అక్కయ్యా అనే పిలుస్తారు.

గది పన్నెండడుగులుంటుంది. మూడు వైపులా ఇనుప అరలు, నాలుగో వైపు కౌంటరు. కౌంటరు మీది కిటికీలోంచి చూస్తే నాలుగో నంబరు ప్లాట్‌ఫారం, దాని మీద ఒక పొడవాటి బెంచీ కనిపిస్తాయి.

ఆ గదిలోకి ఆవిడ మొదటిసారి వచ్చింది ఉద్యోగానికి కాదు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఒక ఇంటర్వ్యూకి వెళ్తూ సర్టిఫికెట్లున్న సంచీ బస్సులో మరిచిపోయింది. ఆ రోజూ వానే. ఏడుపు మొహంతో ఇక్కడికి వచ్చేసరికి, అప్పట్లో గది చూసుకునే పెద్దాయన ఆవిడ కాగితాలన్నీ తాడు మీద క్లిప్పులు పెట్టి, ఫ్యాను కింద ఆరబెడుతున్నాడు. ఒక్క అక్షరం చెదరలేదు. ఇంటర్వ్యూ ఎలాగూ దాటిపోయింది. ఆయన కాగితాలు ఆరేదాకా కూర్చోబెట్టి, "ఇక్కడ నాకో మనిషి కావాలమ్మా, అప్లికేషన్ పెట్టు" అన్నాడు. ఆవిడ పెట్టింది. అది జరిగి ఇరవై ఆరేళ్లయింది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఇప్పటికీ ఆవిడ తాళం తీసేటప్పుడు ఒక్క క్షణం ఆయన్ని తలుచుకుని గానీ లోపల అడుగుపెట్టదు.

పెద్దాయన నేర్పిన పద్ధతి ఒకటే. వస్తువు మన దగ్గరికి ఎలా వచ్చిందో అలాగే తిరిగి వెళ్లాలి. చేతిగడియారమైతే రోజూ కీ ఇవ్వాలి. బూట్లయితే లోపల కాగితం కుక్కాలి. ఫోనో, గేమో అయితే ప్రతి సోమవారం చార్జింగ్ పెట్టి, తుడిచి, ఒకసారి వెలిగించి, తెర మీద ఏముందో రిజిస్టరులో రాయాలి. వస్తువు మన చేతుల్లో చచ్చిపోకూడదనేవాడు ఆయన.

పదకొండుంబావుకి ఫోను మోగింది. అవతల ఒక ఆడగొంతు. వెనకాల ఏవో పెద్ద యంత్రాలు గిరగిర తిరుగుతున్న చప్పుడు.

"అండీ, రెండున్నర నెలల కిందట చేతిలో పట్టుకుని ఆడే గేమ్ ఏమైనా దొరికిందాండీ? మూత వేసే రకం. నీలం రంగు. మూల మీద చిన్న సొట్ట."

ఆవిడ తల తిప్పి చూడక్కర్లేదు. రెండో అర, ఎడమ చివర. "ఉందమ్మా. ఇన్నాళ్లూ అడగలేదేం?"

"మా చెల్లెలి దగ్గరుందనుకున్నానండీ. అదేమో నా దగ్గరుందనుకుంది."

"మరి ఒకరినొకరు అడగలేదా?"

 ఆ మాటతో అంతా బయటికొచ్చింది. అక్కాచెల్లెళ్లిద్దరూ హోటళ్ల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పని చేస్తారు. అక్కది పొద్దుటి షిఫ్టు, చెల్లెలిది మధ్యాహ్నం షిఫ్టు. ఒకే ఇంట్లో ఉంటున్నా ఒకళ్లు లేచేసరికి ఇంకొకళ్లు నిద్రలో ఉంటారు. కలుసుకునేది రోజుకు ఐదు నిమిషాలు, రెండుంబావుకి, నాలుగో నంబరు బెంచీ దగ్గర. అక్క బస్సు దిగుతుంది, చెల్లెలు బస్సెక్కుతుంది. ఆ ఐదు నిమిషాల్లో గేమ్ చేతులు మారుతుంది. ఇద్దరిదీ ఒకే ఆట. ఒకళ్లు ఆపిన చోట ఇంకొకళ్లు మొదలుపెడతారు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఒక రోజు ఆకుపచ్చ కోటు మీద గొడవొచ్చింది. అక్క కోటుని చెల్లెలు అడగకుండా ఎవరికో ఇచ్చేసింది. మర్నాడు అక్క గేమ్‌ని బెంచీ మీద పెట్టి, మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. చెల్లెలు అప్పటికే మొహం అటు తిప్పుకుని ఉంది. పెట్టింది చెల్లెలు చూడలేదు, తీసుకోలేదని అక్క చూడలేదు. ఆ రోజు నుంచీ మాటల్లేవు. మొన్న ఆదివారం వాళ్లమ్మ, "ఆ ఆట ఏదర్రా?" అని ఇద్దరినీ కలిపి అడిగితే గానీ విషయం తేలలేదు.

"ఎవరిదైనా కావచ్చు కదమ్మా. గుర్తేమైనా చెప్పు."

"తెర మీద మబ్బు తాబేలు ఉంటుందండీ. దాని కింద అంకె. ఆరువందల పదకొండు." గొంతు తగ్గింది. "ఆ అంకె అలాగే ఉంటే చాలండీ. మళ్లీ మాట కలపడానికి మా ఇద్దరికీ ఇంకేం మిగల్లేదు."

"శనివారం రండమ్మా. ఇద్దరిదీ అన్నావు కాబట్టి ఇద్దరూ సంతకం పెట్టాలి. అది ఇక్కడి రూలు."

"అది రాదండీ."

"అయితే వస్తువూ రాదు," అని పెట్టేసింది.

పెట్టేశాక రిజిస్టరు తిరగేసింది. మొదటి సోమవారం: మబ్బు తాబేలు, 611. రెండో సోమవారం 611. అలా పది సోమవారాలు వరుసగా ఆవిడ గుండ్రటి రాతలో అదే అంకె. పదకొండోది నిన్నటిది. దాని ఎదురుగా ఆవిడే రాసింది: ముళ్ల చేప, 0.

 నిన్న వాన గోలలో పడి, ముందు వెలిగించి, ఆ తర్వాత తడిగుడ్డతో తుడిచింది. ఎప్పుడూ తుడిచాకే వెలిగిస్తుంది. గుడ్డ కింద బొత్తాలు టిక్కుటిక్కుమన్నాయి. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది, గుడ్డే జవాబిచ్చింది. ఆవిడ కనిపించింది కనిపించినట్టు రాసుకుని, మూత వేసేసింది.

మధ్యాహ్నం కోడలికి ఫోన్ చేసింది. కోడలు పళ్లడాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాస్తుంది, బస్సులో ఇలాంటి ఆటలే ఆడుతుంది. పెళ్లయి రెండేళ్లయినా అత్తాకోడళ్ల మధ్య మాట "తిన్నావా", "తిన్నారా"లను దాటి పెద్దగా వెళ్లలేదు. సాయంత్రం ఐదున్నరకి ఆ అమ్మాయి గదికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, తెర చూసి నాలిక్కరుచుకుంది.

"జాడ పోయింది అత్తయ్యా."

"ఏం జాడ?"

"ఈ ఆటలో అడవి నిండా బోలెడు వింత జంతువులుంటాయి. నడుస్తుంటే ఏదో ఒకటి ఎదురొస్తుంది. ఏది వస్తుందో మన చేతిలో లేదు. కానీ ఒకదాన్ని గురి పెట్టుకుని జాడ పట్టామనుకోండి, అదే ఎక్కువసార్లు ఎదురొస్తుంది. ఎన్నిసార్లు ఎదురైతే అంత మంచిది. అలా వస్తూ వస్తూ ఉంటే, ఎప్పుడో ఒకసారి అదే జంతువు తెల్లటిది వస్తుంది. దాని కోసమే ఇదంతా."

"ఎప్పుడొస్తుంది?"

"జాడ లేకపోతే నాలుగు వేలసార్లకి ఒకసారి. ఆరు వందలు దాటితే ఐదొందలకి ఒకసారి. మధ్యలో గురి మార్చామా, లెక్క మళ్లీ సున్నా నుంచే. మీరు ముళ్ల చేపకి మార్చేశారు."

"నేను కాదు, గుడ్డ."

కోడలికి నవ్వాగలేదు. ఆవిడకి నవ్వు రాలేదు. ఎనిమిది నెలల పాటు, రోజుకు ఐదు నిమిషాలు మాత్రమే కలుసుకునే ఇద్దరు పేర్చిన అంకె అది. ఇరవై ఆరేళ్లలో ఈ గదిలోంచి వస్తువు వచ్చినదానికంటే తక్కువై వెళ్లడం ఎప్పుడూ లేదు.

"మళ్లీ ఆరువందల పదకొండు చేయొచ్చా?"

"చేయొచ్చు. శనివారం లోపలా? మీరా?" కోడలు అత్తగారి చేతులు చూసింది. "ఇంటికి తీసుకెళ్దాం, తలా కాసేపు ఆడదాం."

"వస్తువు గది దాటకూడదు."

"సరే. ఇక్కడే కూర్చుందాం."

ముందుగా ఆవిడ రిజిస్టరులో రాసింది: "నా పొరపాటు వల్ల అంకె పోయింది. తిరిగి పెంచుతున్నాను." సంతకం పెట్టింది. వాళ్లు వచ్చినప్పుడు చెప్పకుండా దాటేయాలని ఆవిడకి లేదు. చెప్పాల్సిందే. కానీ వట్టి సున్నా చేతిలో పెట్టి చెప్పడం మనసొప్పలేదు.

డ్యూటీ ఐదింటికి అయిపోతుంది, గది ఎనిమిదింటికి మూస్తారు. ఆ మూడు గంటలు, మధ్యాహ్నం భోజనం వేళ అరగంట. అంతకంటే లేదు. మొదటి సాయంత్రం తలప్రాణం తోకకొచ్చింది. ఎడమ బొటనవేలితో నడపాలి, కుడి బొటనవేలితో తప్పుకోవాలి. ఆవిడ రెండూ ఒకేసారి నొక్కేది. తెరలోని బొమ్మ మనిషి గోడకేసి నడుస్తూనే ఉండేవాడు.

"అత్తయ్యా, గోడ."

"కనిపిస్తోందిలే."

"కనిపిస్తే ఆగాలి కదా."

"నువ్వు కారు నేర్చుకున్నప్పుడు నేనేమైనా అన్నానా?"

"అన్నారు. గేటు విరగ్గొట్టానని మూణ్ణెల్లు అన్నారు."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. రెండేళ్లలో అలా నవ్వడం అదే మొదటిసారని ఆవిడకి తర్వాతెప్పుడో తట్టింది.

మంగళవారం ఎనిమిదయ్యేసరికి అరవై నాలుగు. మొదట్లో జాడ పల్చగా ఉంటుందట. గబ్బిలాలు, పుట్టగొడుగులు, ముళ్ల చేపలు అన్నీ వచ్చేవి, తాబేలు తప్ప. బుధవారం నుంచి దారి చిక్కబడింది. వీపు మీద మబ్బుతునక మోసుకుంటూ బూడిదరంగు తాబేలు నాలుగడుగులకోసారి ఎదురొచ్చేది. ఎదురైతే చాలు, కొట్టక్కర్లేదు. తప్పుకుని పారిపోయినా లెక్కే.

ఈ సంగతి మైకాయనకి అర్థం కాలేదు. బస్టాండులో బస్సుల రాకపోకలు చదివే పెద్దమనిషి ఆయన. భోజనం వేళ అక్కయ్య రెండు ముద్దలు తినడానికి లేస్తే, తనే ఆ స్టూలు మీద కూర్చుని, మొదటి తాబేలుతోనే తలపడి చావుదెబ్బ తిన్నాడు.

"ఏంటక్కయ్యా, తాబేలని చులకనగా చూస్తే ఒళ్లు హూనం చేసింది!"

"కొట్టమని ఎవరు చెప్పారు? పారిపోవాలి."

"తాబేలు దగ్గర్నుంచి పారిపోయానని ఎక్కడైనా చెప్పుకోగలనా?"

అయినా ఆ అరగంటలో పారిపోయి పారిపోయి ఇరవై ఆరు చేసిపెట్టాడు. మర్నాటి నుంచి చెప్పకుండానే వచ్చి కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ లెక్క రాయడానికి ఒక ఖాళీ టికెట్టు రోల్ కూడా ఇచ్చాడు. ఆవిడ ఆ రోల్ వెనక అంకెలు రాసుకుంటూ పోయింది. బుధవారం రెండువందల పది. గురువారం మూడువందల తొంభై ఎనిమిది. కోడలు రోజూ ఐదున్నరకి వచ్చేది, ఒకటే డబ్బాలో ఇద్దరికీ టిఫిన్ తెచ్చేది. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు తినేవారు. మధ్యమధ్య ఆ అమ్మాయి పళ్లడాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ల గురించి చెప్పేది. నోరు తెరవడానికి భయపడి, తలుపు దాకా వచ్చి పారిపోయే పెద్దపెద్ద మీసాలవాళ్ల గురించి వింటూ ఆవిడ రెండు తాబేళ్లను దాటేసింది. ఇంట్లో ఇన్నాళ్లూ ఈ పిల్ల ఎక్కడ దాక్కుందా అనిపించింది.

శుక్రవారం సాయంత్రం ఆరూ నలభైకి లెక్క ఐదువందల ఎనభై మూడు. మిగిలినవి ఇరవై ఎనిమిది. ఇంకో అరగంట చాలు. ఆవిడకి వేళ్లు కుదిరాయి, ఊపిరి కుదుటపడింది. నాలుగడుగులు వేసింది. తాబేలు ఎదురొచ్చింది.

కుడి బొటనవేలు తప్పుకునే బొత్తం మీదికి వెళ్లి, ఆగింది.

తాబేలు తెల్లగా ఉంది. వీపు మీది మబ్బు కూడా తెల్లగా, అంచుల్లో చిన్న మెరుపుతో. కింద అంకె 584.

"అమ్మాయ్," అంది ఆవిడ, పెదవులు కదిలీ కదలకుండా. "ఇలా రా. ఊగకు."

కోడలు భుజం మీంచి తొంగిచూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అత్తయ్యా! వచ్చేసింది! వల వేయండి, వల! అదిగో పై బొత్తం!"

"నేను వేయను."

"పారిపోతే మళ్లీ రాదు!"

"తెలుసు."

ఆవిడ ఆలోచన ఎప్పటి దారిలోనే పోయింది. సంచీలో డబ్బు కనిపిస్తే మూతి కట్టి పెడతాం. ఉత్తరం కనిపిస్తే చదవం. ఇదీ అంతే. పట్టేస్తే వాళ్లు ఎనిమిది నెలలు ఎదురుచూసింది తను చూసినట్టు, వాళ్లకి దొరికింది వట్టి ఫలితం. వదిలేస్తే వాళ్లదాన్ని తను పారేసినట్టు. ఆరువందల పదకొండు చేసి ఇస్తానని తనకు తాను చెప్పుకున్న మాట ఒకవైపు ఉంది. దాన్ని పూర్తి చేయాలంటే ఈ తెల్లదాన్ని దాటి వెళ్లాలి.

"ఏ బొత్తమూ నొక్కకుండా మూత వేస్తే ఏమవుతుంది?"

కోడలు నోటి మీంచి చెయ్యి తీసింది. "నిద్రపోతుంది. ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. మళ్లీ తెరిస్తే ఇదే కనిపిస్తుంది. చార్జింగ్ ఉండాలంతే."

చార్జింగ్ సగం ఉంది. ఎనిమిదింటికి మెయిన్ స్విచ్ ఆపేస్తారు. ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. ఆవిడ గాజుసామాను సర్దుతున్నంత మెల్లగా మూత దించింది. క్లిక్కుమంది. కోడలు తీగ గుచ్చింది. ఇద్దరూ దాన్ని ఎదురుగా పెట్టుకుని గంటసేపు ఊరికే కూర్చున్నారు. ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు ఆకుపచ్చ దీపం వెలిగింది. అరలో పెట్టి, ముందు రెండు గొడుగులు అడ్డం పెట్టి, ఆవిడ తాళం వేసింది. ఆ రాత్రి ఇంట్లో కొడుకు, "ఏంటి మీ ఇద్దరూ గుసగుసలు?" అన్నాడు. "ఆఫీసు పని," అంది కోడలు.

శనివారం అక్క పనికి సెలవు పెట్టింది. పదకొండుకి అక్కాచెల్లెళ్లు వచ్చారు. వచ్చారంటే ఒకే బస్సులో వచ్చారు, ముందు తలుపు నుంచి ఒకరు, వెనక తలుపు నుంచి ఒకరు దిగారు. కౌంటరు దగ్గర ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత జాగా. అక్కకి నలభై దాటి ఉంటాయి, చేతులు బట్టల సోడాకి తెల్లబారి ఉన్నాయి. చెల్లెలు నాలుగైదేళ్లు చిన్న. ఇద్దరూ అక్కయ్యవైపే చూస్తున్నారు.

"ఇచ్చే ముందు ఒక మాట చెప్పాలమ్మా," అంది అక్కయ్య. రిజిస్టరు వాళ్లవైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది. పది సోమవారాలు, పదకొండో సోమవారం, కింద తన సంతకం. "తుడుస్తూ నేనే పోగొట్టాను. మీ ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. నాలుగు రోజులు కూర్చుని ఐదువందల ఎనభై నాలుగు దాకా తెచ్చాం. ఇరవై ఏడు తక్కువ. క్షమించాలి."

అక్క రిజిస్టరు చూసింది. చెల్లెలు టికెట్టు రోల్ చూసింది. "మీరు కూర్చుని..? మా కోసం?" అంది చెల్లెలు.

"నేనూ, మా కోడలూ, మా మైకాయనా. ఆపడానికి కారణం ఉంది. మూత మీరే తీయండి. బొత్తాలు మాత్రం నొక్కొద్దు."

ఇద్దరి చేతులూ ఒకేసారి ముందుకొచ్చాయి. అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. చెల్లెలు మూత తెరిచింది.

ఇద్దరూ తెర మీదికి వంగారు.

"అక్కా," అంది చెల్లెలు.

"చూస్తున్నా."

"తెల్లది."

"కనబడుతోంది, నాకు కళ్లున్నాయి. వల వేయకు! ముందు తాబేలుని నిద్రపుచ్చు."

"నిద్రపుచ్చడానికి ఏముంది మన దగ్గర? నీలం పొడి నువ్వే అవగొట్టావు."

"నేనా? గుర్రం కోసం మొత్తం చల్లింది ఎవరు?"

"సరే, నేనే. ఇప్పుడేం చేద్దాం?"

"నాలుగు వలలున్నాయి. ఒకటి వెయ్యి. చేతులు వణుకుతున్నాయి నీకు. ఇటివ్వు."

"నీవి వణకట్లేదా?"

చెరో పక్కా పట్టుకున్నారు. మధ్యలో ఉన్న జాగా ఎప్పుడు పోయిందో అక్కయ్య గమనించలేదు. మైకులో బస్సు నంబరు సగం చదివి ఆపేసి, మైకాయన పరుగున వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మొదటి వల తెగింది. రెండోదీ తెగింది. అక్క కళ్లు మూసుకుంది. మూడో వల మూడుసార్లు ఊగి నిలిచింది.

చెల్లెలు కౌంటరు మీద తల వాల్చేసింది. అక్క దాని వీపు మీద చెయ్యి వేసి, "కోటు పోతే పోయిందిలేవే," అంది. తర్వాత చీటీలక్కయ్య చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. గట్టిగా పట్టుకుంది. ఆ చేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. అక్కయ్యకి తాడు మీద ఆరుతున్న కాగితాలు గుర్తొచ్చాయి. ఆ రోజు పెద్దాయన చేతుల్ని తను ఇలాగే పట్టుకుంది.

ఇద్దరూ సంతకాలు పెట్టారు. రిజిస్టరులో చివరి గడిలో ఆవిడ రాసింది: వచ్చినప్పుడు 611. ఇచ్చినప్పుడు 584. తీసుకున్నవారికి ఫిర్యాదు లేదు.

సాయంత్రం ఐదున్నరకి గదిలో ఏ పనీ లేకపోయినా కోడలు వచ్చింది, ఒకటే డబ్బాతో.

సోమవారం రెండుంబావుకి అక్కయ్య గొడుగుల చీటీలు సరిచూస్తూ కిటికీలోంచి చూసింది. పదిహేడింటిలో తొమ్మిది వెళ్లిపోయాయి. బెంచీ దగ్గర చెల్లెలు నిలబడే ఉంది. అక్క బస్సు దిగి, గేమ్ ఇచ్చి, ఏదో చెప్పింది. చెల్లెలు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి కూడా ఇంకా మాట్లాడుతూనే ఉంది. కండక్టరు విజిల్ వేశాక గానీ ఎక్కలేదు. అక్క ఇంటి దారి పట్టకుండా నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చింది.

"ఈసారి ముళ్ల చేపండీ. మీరు పెట్టిన గురే."

"ఎంతదాకా వచ్చింది?"

"పందొమ్మిది."